లెక్కల బల్ల దగ్గర పిలుపు

ప్రశ్న: పదకొండేళ్లుగా ఒక కార్యాలయంలో లెక్కలు చూసే ఉద్యోగం చేస్తున్నాను. ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు, మంచం పట్టిన అత్తగారు. నాతో కలిసి బాప్తిస్మం తీసుకున్న స్నేహితురాలు ఇప్పుడు పూర్తికాల సేవలో ఉంది. నేను మాత్రం ఇన్నేళ్లలో ఒక్కరినైనా ప్రభువు దగ్గరకు నడిపించలేదు. నా జీవితం విషయంలో దేవుని ఉద్దేశం ఏమిటో ఎలా తెలుసుకోవాలి? చుట్టూ ఉన్నవారి మీద మంచి ప్రభావం చూపడం నాలాంటి దానికి సాధ్యమేనా?

జవాబు:

అమ్మా, మీ ప్రశ్న చదివాక రెండు రోజులు ఆగి ఈ జవాబు రాస్తున్నాను. నేనూ ముప్పై రెండేళ్లు లెక్కల విభాగంలోనే పనిచేసి పదవీ విరమణ పొందాను. ఆ కాలంలో చాలా భాగం సంఘ పెద్దగా, ఆదివారం బడిలో ఉపాధ్యాయుడిగా ఉన్నాను. మీరు అడిగిన ప్రశ్నే నలభయ్యో ఏట నేను మా కాపరిని అడిగాను. ఆ తరువాత ఎంతోమంది నన్ను అడిగారు. అందుకే కాస్త వివరంగా చెబుతాను, ఓపికగా చదవండి.

మీరు వాడిన "ఉద్దేశం" అనే మాట దగ్గరే మొదలుపెడతాను. ఆ మాట వినగానే విశ్వాసులకు యిర్మీయా 29:11 గుర్తుకొస్తుంది. "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు" అని దేవుడు పలికిన వచనం అది. క్యాలెండర్ల మీద, గోడల మీద కనిపించే ఆ ఒక్క వచనాన్నే మనం విడిగా చదువుకుంటాం. దేవుడు నా ఒక్కడి కోసం ఏదో ఒక ప్రత్యేకమైన పని రాసి, కవరులో పెట్టి, ఎక్కడో దాచాడనీ, దాన్ని వెతికి పట్టుకోవడమే నా బాధ్యత అనీ అనుకుంటాం. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. దొరకనందుకు నన్ను నేనే నిందించుకున్నాను.

ఈసారి ఆ అధ్యాయాన్ని మొదటి వచనం నుంచి చదవండి. అది ఒక ఉత్తరం. క్రీ.పూ. 597లో బబులోనుకు చెరపట్టుకుపోయిన యూదులకు యిర్మీయా యెరూషలేము నుంచి రాసి పంపాడు. ఇష్టపడి వెళ్లినవారు కారు వాళ్లు. చేస్తున్న పనీ ఉంటున్న ఊరూ వాళ్లు ఎంచుకున్నవి కావు. దానికి ముందు అధ్యాయంలోనే హనన్యా అనే ప్రవక్త, రెండేళ్లలో అంతా సర్దుకుంటుందని ప్రకటిస్తాడు. యిర్మీయా మాత్రం డెబ్బై ఏళ్లు అంటాడు. అంటే ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో చాలామంది అక్కడే కన్నుమూస్తారు. మరి ఈలోగా వాళ్లేం చేయాలి? ఇళ్లు కట్టుకోవాలి, తోటలు నాటాలి, పెళ్లిళ్లు చేసుకోవాలి, పిల్లల్ని కనాలి, తమను చెరపట్టిన ఆ పట్టణపు క్షేమాన్ని కోరి దాని కోసం ప్రార్థన చేయాలి. పదకొండో వచనంలోని ఆ గొప్ప ఉద్దేశం నెరవేరే లోపల వాళ్లు గడపవలసిన జీవితం ఇది. ఇల్లు, తోట, పిల్లలు, పొరుగువారి మేలు. మీ చేతిలో ఇప్పుడున్నవీ దాదాపు అవే కదమ్మా.

బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గరకు వచ్చినవారి ప్రశ్న కూడా మీ ప్రశ్నలాంటిదే. లూకా 3వ అధ్యాయంలో సుంకరులు వచ్చి "మేమేమి చేయాలి" అని అడిగారు. ఆ రోజుల్లో సుంకరి అంటే జనం ఈసడించుకునే ఉద్యోగం. రోమా ప్రభుత్వానికీ హేరోదుకూ పన్నులు వసూలు చేసిపెట్టే ఉద్యోగం. యోహాను వాళ్లను ఆ పని మానేసి తనతో అరణ్యానికి రమ్మంటాడని ఎవరైనా అనుకుంటారు. ఆయన అలా అనలేదు. నిర్ణయించిన దానికంటే ఎక్కువ వసూలు చేయవద్దన్నాడు. సైనికులు అడిగితే ఎవరినీ బాధపెట్టవద్దని, అపనిందలు వేయవద్దని, జీతంతో తృప్తి పడమని చెప్పాడు. ఆయన రాబోయే ఉగ్రత గురించి హెచ్చరించినవాడు! అంతటి ప్రవక్త మారుమనసుకు తగిన ఫలాన్ని వసూళ్ల లెక్కల్లోనూ జీతపురాళ్లలోనూ చూపించమన్నాడు. లెక్కలు చూసేవాళ్లకు ఇంతకంటే సూటిగా మాట్లాడిన వాక్యభాగం నాకు మరొకటి కనిపించలేదు.

16వ శతాబ్దంలో జర్మనీకి చెందిన సంఘ సంస్కర్త మార్టిన్ లూథర్ గట్టిగా పట్టుకున్న సంగతి కూడా ఇదే. అప్పటిదాకా "పిలుపు" అనే మాట మఠాల్లో ఉండేవారికి, యాజకులకు మాత్రమే చెల్లేది. ఇంటి పని చేసే తల్లికీ, చెప్పులు కుట్టేవాడికీ, పొలం దున్నేవాడికీ దేవుని పిలుపు ఉందని ఆయన బోధించాడు. మన సంఘాల్లో ఇప్పటికీ "సేవ" అంటే ప్రసంగ పీఠమే అని అలవాటుగా అనుకోవడం నాకు బాధ కలిగిస్తుంది. ఆ అలవాటు వల్లే మీలాంటి వారు పదకొండేళ్లుగా దేవుడికి తమతో పనేమీ లేదనుకుంటూ బతుకుతున్నారు.

ఇక ప్రభావం సంగతి. దీని గురించి నా జీవితంలో జరిగిన ఒక విషయం చెప్పాలి. చెప్పడం అంత తేలిక కాదు, కానీ మీకు ఉపయోగపడుతుంది.

ఒక నెలాఖరున మా విభాగంలో లెక్క కుదరలేదు. తేడా 180 వస్తోంది. కొత్తగా చేరిన కుర్రవాడి పుస్తకాలే మొదట తిరగేశారు. పైఅధికారి అందరి ముందూ అతన్ని నిలబెట్టి మాట్లాడకూడని మాటలన్నాడు. సాయంత్రం నేను ఒక్కడినే కూర్చుని ఆ అంకె వంక చూశాను. తేడా తొమ్మిదితో నిశ్శేషంగా భాగించబడితే ఎక్కడో పక్కపక్క అంకెలు తారుమారై ఉండవచ్చని లెక్కల వాళ్లకు తెలిసిందే, మీకూ తెలుసు. నా పుస్తకమే తెరిచాను. 4,570 అని రాయవలసిన చోట 4,750 అని ఉంది. నా చేతిరాతే.

దిద్దాను. ఎవరికీ చెప్పకుండా ఇంటికి వెళ్లిపోయాను. నా బల్ల మీద రోజుకో వచనం చూపించే చిన్న క్యాలెండరు ఉండేది. నేను విశ్వాసినని అందరికీ తెలియాలనే దాన్ని అక్కడ పెట్టాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. దేవుడు నన్ను చూస్తున్నాడన్న సంగతికంటే, ఆ కుర్రవాడు ఆ క్యాలెండరును రోజూ చూస్తున్నాడన్న సంగతి నన్ను ఎక్కువగా కలవరపెట్టింది. మర్నాడు ఉదయం, ముందురోజు ఎవరెవరు ఉన్నారో వాళ్లందరి ముందే, తప్పు నాదని చెప్పాను. నిన్న సాయంత్రమే తెలిసిందని, చెప్పకుండా వెళ్లిపోయానని కూడా చెప్పాను. ఆ రెండో మాట చెప్పడానికి గొంతు పెగల్లేదు. అతని దగ్గరకు వెళ్లి క్షమించమని అడిగాను. అతను తల వంచుకుని "సరేనండి" అన్నాడు. అంతే.

అతను క్రైస్తవుడు కాడు, ఈ రోజుకీ కాడు. కానీ ఆరేళ్ల తరువాత ఒక అర్ధరాత్రి నాకు ఫోను చేశాడు. వాళ్ల నాన్నగారు ఆసుపత్రిలో చివరి ఘడియల్లో ఉన్నారు. నేను వెళ్లేసరికి వరండాలో బల్ల మీద ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. "మీరు ప్రార్థన చేస్తారు కదండీ, చేయండి" అన్నాడు. తెల్లవారే వరకూ ఆ బల్ల మీదే ఉన్నాం. నన్నే ఎందుకు పిలిచావని నేను అడగలేదు.

ఆ కార్యాలయంలో ముప్పై రెండేళ్లలో నేను చాలాసార్లు సాక్ష్యం చెప్పాను, కరపత్రాలు ఇచ్చాను, పండుగ ఆరాధనలకు పిలిచాను. అవి తప్పని అనడం లేదు. అయితే ఆ రాత్రి ఆ కుర్రవాడిని నా దగ్గరకు తెచ్చింది నేను బాగా చేసిన పని కాదు, తప్పు చేసి ఒప్పుకున్న పని.

మత్తయి 5వ అధ్యాయంలో "మీరు లోకమునకు ఉప్పయి యున్నారు", "మీరు లోకమునకు వెలుగైయున్నారు" అని ప్రభువు చెప్పిన మాటలు మీకు కంఠతా వచ్చే ఉంటాయి. ఆయన ఎవరితో అన్నాడో చూడండి. అంతకు ముందే ఆయన పేరుపెట్టి ధన్యులన్నది ఆత్మ విషయమై దీనులైనవారిని, దుఃఖపడేవారిని, సాత్వికులను, నీతి కోసం ఆకలిగొన్నవారిని. వాళ్లలో ఎవరికీ లోకంలో పలుకుబడి లేదు. వాళ్లను "ఉప్పు కండి" అని ఆయన అనలేదు, "ఉప్పయి ఉన్నారు" అన్నాడు. మీరు ఎక్కడి నుంచో తెచ్చుకోవలసినది కాదమ్మా అది. పోగొట్టుకోకుండా చూసుకోవలసినది.

ఇక్కడ ఒక ముడి ఉంది, చాలామంది దాని దగ్గరే చిక్కుకుంటారు. మనుషులు మీ సత్క్రియలు చూసేలా మీ వెలుగు ప్రకాశించనివ్వండని 5:16 చెబుతుంది. మనుషులకు కనబడాలని నీతికార్యాలు చేయవద్దని 6:1 చెబుతుంది. ఒకే కొండ మీద, ఒకే ప్రసంగంలో చెప్పిన మాటలివి. ఆదివారం బడిలో ఒక పదేళ్ల పాప నన్ను ఇదే అడిగితే ఆ వారం నా దగ్గర జవాబు లేదు. తరువాత వచనాన్ని నెమ్మదిగా చదివితే తెలిసింది. చూసినవాళ్లు ఎవరిని మహిమపరచాలని చేస్తున్నామన్నదే తేడా. "పరలోకమందున్న మీ తండ్రిని" మహిమపరచాలని 5:16 చెబుతుంది. నా బల్ల మీది క్యాలెండరు నన్ను మంచివాడిగా చూపించడానికి అక్కడ ఉండేది. మర్నాటి ఉదయం నేను ఒప్పుకున్న తప్పు నన్ను మంచివాడిగా చూపించలేదు. అందుకే కాబోలు దానిలోంచి వెలుగు కనిపించింది.

అలాగే 1 పేతురు 3:15 చూడండి. మీలో ఉన్న నిరీక్షణ గురించి హేతువు అడిగే ప్రతివానికీ సమాధానం చెప్పడానికి సిద్ధంగా ఉండమంటుంది. ఎదుటివారు అడిగేలా మన జీవితం ఉంటుందని అపొస్తలుడు ముందే అనుకుంటున్నాడు. "సాత్వికముతోను భయముతోను" చెప్పమని కూడా అంటాడు. పని వేళల్లో ఇతరుల పని ఆపి వాక్యం చెప్పడం నాకు సమ్మతం కాదు. యజమాని జీతం ఇచ్చేది ఆ గంటలకే. ఎవరైనా అడిగితే భోజన విరామంలో రెండు మాటలు చెప్పండి, చాలు.

ఒక్కరినైనా నడిపించలేదని రాశారు. "నేను నాటితిని, అపొల్లో నీళ్లుపోసెను, వృద్ధి కలుగజేసినవాడు దేవుడే" అని కొరింథీయులకు పౌలు రాశాడు. ఆ లెక్కల పుస్తకం మన విభాగానిది కాదమ్మా. మూడో శతాబ్దం మధ్యలో ఈజిప్టులోని అలెక్సంద్రియలో పెద్ద తెగులు వచ్చింది. జబ్బుపడిన వారిని సొంతవాళ్లే వదిలేసి పారిపోతుంటే, చాలామంది విశ్వాసులు రోగుల పక్కనే ఉండి సేవ చేసి, ఆ జబ్బు తమకూ అంటి చనిపోయారని అక్కడి బిషప్పు దియొనీసియస్ ఉత్తరంలో రాశాడు. ఆ చనిపోయినవారిలో ఎవరు ఎంతమందిని నడిపించారో ఎవరూ లెక్క కట్టలేదు. వాళ్లలో చాలామంది పేర్లు కూడా మనకు మిగల్లేదు.

మీ అత్తగారి గురించి ఒక్క వాక్యమే రాసి వదిలేశారు. నాకు మాత్రం మీ ఉత్తరంలో అదే పెద్దదిగా కనిపించింది.

మా అమ్మ చివరి రెండేళ్లు మంచం మీదే గడిపింది. ఒంటి మీద పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పి పడుకోబెట్టాలని వైద్యులు చెప్పారు. పగలు ఎక్కువగా నా భార్యే తిప్పేది. రాత్రి అలారం పెట్టుకుని ఇద్దరం వంతులు వేసుకునేవాళ్లం. ఒక చేయి భుజం కింద, ఒక చేయి నడుం కింద పెట్టి, "అత్తయ్యా, తిప్పుతున్నాను" అని ముందుగా చెప్పి తిప్పేది. అమ్మకు వినపడుతోందో లేదో తెలియని రోజుల్లో కూడా చెప్పేది. చెప్పకుండా తిప్పితే మనిషిని వస్తువులా కదిపినట్టు ఉంటుందని అనేది. ఆ రెండేళ్లలో స్త్రీల ప్రార్థన కూటానికి వెళ్లలేకపోయింది. "నా ఆత్మీయ జీవితం అయిపోయింది" అని ఒకరోజు ఏడ్చింది. నేను ఏదో వచనం చెప్పబోయి ఆగిపోయాను. ఆమె చేతులు చేస్తున్నదానికంటే పెద్ద వచనం నా దగ్గర ఏముంది?

అపొస్తలుల కార్యములు 9లో యొప్పేలో తబితా అనే శిష్యురాలు ఉంది. దొర్కా అని కూడా పేరు. ఆమె చేసిన ప్రసంగం ఒక్కటీ లేఖనంలో లేదు. ఆమె చనిపోయాక పేతురు వచ్చినప్పుడు విధవరాండ్రు ఏడుస్తూ ఆమె కుట్టిన అంగీలూ వస్త్రాలూ చూపించారు. ఎవరికి ఏ కొలత సరిపోతుందో తెలుసుకుని కుట్టిన బట్టలు. అవే ఆమె సాక్ష్యం.

రోజువారీగా ఏం చేయాలని అడుగుతారేమో. నాకు పనికొచ్చినవి రెండు మూడు చెబుతాను. ఉదయం పని మొదలుపెట్టే ముందు ఆ రోజు నేను కలవబోయే నలుగురైదుగురి పేర్లు చిన్న కాగితం మీద రాసుకునేవాడిని. కోరికల జాబితా కాదు, పేర్లు మాత్రమే. ఒక్కో పేరు మీద వేలు పెట్టి దేవుని ముందు ఆ మనిషిని తలుచుకోవడం. నాకు నచ్చని మనిషి పేరు తప్పకుండా అందులో ఉండేది. పేరు పెట్టి ప్రార్థించిన మనిషితో అదే రోజు కటువుగా మాట్లాడటం చాలా కష్టమని నాకు అర్థమైంది. సాయంత్రం ఇంటికి వెళ్లే దారిలో అదే కాగితం తీసి, ఎవరితో ఎలా ఉన్నానో చూసుకునేవాడిని. బాకీ ఉంటే మర్నాడు తీర్చుకోవడం. ఇది మూడు నిమిషాల పని. గంటసేపు చేయాలని పెట్టుకుంటే చిన్నపిల్లల తల్లికి కుదరదు, కుదరలేదన్న బాధ ఒకటి మిగులుతుంది.

17వ శతాబ్దంలో పారిస్‌లోని ఒక కర్మెలీయ మఠంలో బ్రదర్ లారెన్స్ అనే సహోదరుడు ఉండేవాడు. అంతకు ముందు సైనికుడు. మఠంలో ఆయనకు వంటింటి పని అప్పగించారు. ఆ పని ఆయనకు సహజంగా అసలు ఇష్టం లేదు. అయినా దాదాపు పదిహేనేళ్లు చేశాడు. గిన్నెల చప్పుడు మధ్య, ఒకేసారి పదిమంది పిలుస్తున్నప్పుడు కూడా, మోకాళ్ల మీద ఉన్నప్పటిలాగే దేవునితో ఉండవచ్చని అభ్యాసం చేశాడు. ఇష్టం లేని పనిలో అది కుదిరిందన్న సంగతి నాకు చాలా ధైర్యాన్నిచ్చింది. ఎందుకంటే నాకూ లెక్కల పని మొదటి పదేళ్లు ఇష్టం లేదు.

మీ స్నేహితురాలితో పోల్చుకోవడం మాత్రం ఈ రోజుతో ఆపేయండి. యోహాను సువార్త చివరి అధ్యాయంలో పేతురు కూడా వెనక్కి తిరిగి ఇంకో శిష్యుణ్ణి చూసి, ప్రభువా, ఇతని సంగతి ఏమిటని అడుగుతాడు. "అది నీకేమి? నీవు నన్ను వెంబడించుము" అని ప్రభువు జవాబు. ఆమె పిలుపు నిజమైనదే. దాని కోసం దేవునికి స్తుతి చెల్లించండి, ఆమెకు ఫోను చేసి పలకరించండి. పూర్తికాల సేవలో ఉన్నవారికి ఒంటరితనం ఎక్కువని నాకు తెలుసు. మీ ఫోను ఆమెకు అవసరం కావచ్చు.

ఒక విషయం జాగ్రత్తగా అడుగుతున్నాను. జీవితానికి అర్థం లేదన్న భావన రోజంతా, రెండు వారాలకు మించి ఉంటే, నిద్ర, ఆకలి తప్పితే, పిల్లల మీద కూడా మనసు పోకపోతే, అది ఆత్మీయ లోపమని అనుకోకండి. వైద్యుణ్ణి కలవండి. 1 రాజులు 19లో ఏలీయా చెట్టు కింద కూర్చుని చావు కోరుకున్నప్పుడు దేవుడు మొదట ఉపదేశం పంపలేదు. నిద్రపోనిచ్చాడు. దూత చేత రొట్టె, నీళ్లు పంపాడు. మళ్లీ నిద్రపోనిచ్చాడు, మళ్లీ భోజనం పెట్టించాడు. మెల్లని స్వరంతో మాట్లాడింది ఆ తరువాత. తాను ఒక్కడినే మిగిలానని ఏలీయా అంటే, ఇంకా ఏడు వేలమంది ఉన్నారని చెప్పింది కూడా అప్పుడే. మీ అలసట మీ విశ్వాసం తక్కువని చెప్పే రుజువు కాదు. ఉద్యోగం, ఇద్దరు పిల్లలు, మంచం మీద ఒక పెద్దావిడ ఉన్న ఇల్లు, ఎవరైనా అలసిపోతారు.

మా ఇంట్లో ఆ రెండేళ్లలో జరిగినదొకటి చెప్పి ఆపుతాను, ఎందుకంటే మీరు ఈ వారమే చేయగలిగినది అందులో ఉంది. నా భార్య ఏడ్చిన సంగతి నేను సంఘంలో ఇద్దరు స్త్రీలకు చెప్పాను. వాళ్లు ఏ మాటా అనకుండా వారానికి ఒక మధ్యాహ్నం రెండు గంటలు వచ్చి అమ్మ దగ్గర కూర్చోవడం మొదలుపెట్టారు. తిప్పడం ఎలాగో నా భార్యే వాళ్లకు నేర్పింది, "ముందుగా చెప్పి తిప్పండి" అని కూడా. ఆ రెండు గంటలూ ఆమె కొన్నిసార్లు కూటానికి వెళ్లింది, చాలాసార్లు పక్క గదిలో నిద్రపోయింది. మీ సంఘంలోనూ అలాంటి ఇద్దరు ఉంటారు. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక వాళ్లను పక్కకు పిలిచి అడగండి. మొహమాటపడకండి. వాళ్లు కూడా దేవుడు తమకు ఏ పని అప్పగిస్తాడా అని ఎదురుచూస్తూ ఉండి ఉండవచ్చు.